మబ్బు లేచిన సాయంత్రం, ఖాజాగూడ గుట్ట మీద

చెయ్యి చాపి బండను ముట్టుకోండి. కాలుతోంది కదూ! మే నెల, ఆదివారం, సాయంత్రం నాలుగు దాటింది. పొద్దుట్నుంచి తాగిన ఎండనంతా ఈ రాయి ఇప్పుడు మీ అరచేతిలోకి వదులుతోంది. చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఆ గరుకు మాత్రం అరచేతిని కాసేపు వదలదు.

మీ వెనకాల పదేళ్ల మీ అబ్బాయి. భుజాన నీళ్ల సీసా, కాళ్లకు స్కూలు బూట్లు.

"అమ్మా, ఇదేనా పార్కు? ఉయ్యాల ఏదీ?"

ఉయ్యాల లేదు. జారుడుబల్ల లేదు. కత్తిరించిన గడ్డీ, రంగులేసిన బెంచీలూ లేవు. హైదరాబాదుకు పడమటి వైపున్న ఖాజాగూడ గుట్టలివి. ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా పిలుస్తారు. బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఇక్కడే ఉంది, అనంతపద్మనాభస్వామి గుడీ ఇక్కడే ఉంది. చుట్టూ ఐటీ ఆఫీసులూ, ముప్ఫై అంతస్తుల ఇళ్లూ. మీరు రోజూ కారులో ఈ గుట్ట పక్క నుంచే వెళ్తారు. దిగి నడవడం మాత్రం ఇవాళే మొదలు.

కారు కింద రోడ్డు పక్కన ఆపారు. అద్దాలు పైకెత్తారు, తాళం వేశారు. అది ఎక్కడుందో, అక్కడికి ఏ దారిన రావాలో ఒకసారి తిరిగి చూసుకోండి.

దారి మొదట్లో వేపచెట్టు నీడన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో కర్ర.

"ఎటు పోతున్నరు బిడ్డా?"

"పైదాకా తాతా. బాబుకు గోల్కొండ చూపిద్దామని."

ఆయన మీ వంక చూడడు. పడమర వంక చూస్తాడు. "పోయి రార్రి. పైన జాస్తి సేపు కూసోకుర్రి. మబ్బు లేస్తున్నది."

మీరూ అటు చూస్తారు. రెండు అద్దాల మేడల మధ్య, దూది ఏకి కుప్ప పోసినట్టు, తెల్లటి మబ్బు ఒకటి. తెల్లమబ్బే కదా! ఇంత ఎండలో వానెక్కడిది? "సరే తాతా" అని అడుగు వేస్తారు.

ముందు కాలి కింద మొరం. గులకలా దొర్లే ముతక మన్ను. నిటారుగా అడుగు వేస్తే జారుతుంది. పాదం అడ్డంగా పెట్టండి, ఒళ్లు కాస్త ముందుకు వంచండి. అటూ ఇటూ సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, రేగుకంప. రేగుముల్లు మీ చున్నీని పట్టుకుంటుంది. లాగితే చిరుగుతుంది. ఆగి, నిదానంగా విడిపించుకోండి.

దారి అయిపోయింది. ఇక్కడి నుంచి బండే. అబ్బాయి పట్టు కోసం పక్కనున్న సందులోకి చెయ్యి పోనిస్తున్నాడు.

"కన్నా, వద్దు! కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకు."

తేలు పగలంతా ఉండేది అలాంటి సందులోనే. పాము చల్లదనం వెతుక్కునేదీ అక్కడే. వాడు చెయ్యి తీసేస్తాడు. అంతలోనే నోరు తెరిచి నిలబడిపోతాడు. మూడడుగుల దూరంలో, గుండు మీద ఒక తొండ. వీపంతా నారింజ ఎరుపు, పక్కలు కాటుక నలుపు. బస్కీలు తీస్తున్నట్టు పైకీ కిందికీ ఊగుతోంది. మే నెలలో మగ తొండలు ఇలా రంగెక్కుతాయి. వాడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. తొండ కూడా వాడినే చూస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా అది లేదు. ఉయ్యాల ఊసు మళ్లీ ఎత్తడు.

ఇంకొంచెం పైకెక్కితే ఒక గుండు మీద ఇంకో గుండు. పై దానికి కింద ఆనుకున్న చోటు మూరెడు కూడా లేదు. తోస్తే పడిపోతుందేమో అనిపిస్తుంది. వాడు రెండు చేతులూ ఆనించి తోస్తాడు కూడా.

"ఎవరు పెట్టారమ్మా దీన్ని ఇక్కడ?"

ఎవరూ పెట్టలేదు. ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. ఇది పుట్టిన చోటే ఉంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గట్టిపడింది. పైనున్న మన్నూ రాయీ కొట్టుకుపోయాక, బరువు తగ్గి, బండ పొరలు పొరలుగా పగిలింది. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. మూలలు ముందు అరిగాయి. ఉల్లిపాయ పొరలు ఊడినట్టు ఊడి ఊడి, పలకగా ఉన్నది గుండ్రమైంది. మధ్యలో మెత్తబడి రాలిన రాయే ఇందాక మీ కాలి కింద జారిన మొరం. అబ్బాయి చేతులు వెనక్కి తీసుకుని, ఆ గుండును ఈసారి మెల్లగా నిమురుతాడు.

చివరి బండ. వాడు ముందు, మీరు వెనక. నాలుగు కాళ్ల మీద పాకినట్టు ఎక్కండి. మోకాళ్లకు వేడి తగులుతుంది. ఒక్క ఊపు. ఇంకొకటి. అంతే, పైకి వచ్చేశారు.

నిలబడండి. ఊపిరి పీల్చుకోండి.

ఆగ్నేయాన గోల్కొండ. కోట నెత్తిన బాలాహిస్సారు, దాని కింద మెట్లు మెట్లుగా గోడలు. ఈశాన్యాన, మేడల వెనకాల దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లు ఇచ్చిన చెరువది. ఇప్పుడు దాని మీద 2020లో తెరిచిన తీగల వంతెన. ఇంకా అవతల జూబ్లీహిల్స్ మధ్యలో కేబీఆర్ పార్కు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. చుట్టూ కార్లు తిరుగుతుంటే లోపల నెమళ్లు తిరిగే అడవి. ఈ గుట్టలూ, ఆ చెరువూ, ఆ అడవీ ఒకప్పుడు ఒకే నేల. వాటి మధ్య ఇళ్లు లేచాయి, రోడ్లు పడ్డాయి.

ఇప్పుడు కిందికి చూడండి. ఒక పక్క గుట్టను సగానికి కోసేశారు. కోసిన ముఖం మీద నిలువునా డ్రిల్లు గాట్లు. గాటు గాటుకూ మధ్య జానెడు ఎడం. 250 కోట్ల ఏళ్లు నిలబడింది కొన్ని వారాల్లో కంకరైపోయింది. మీరుండే అపార్టుమెంటు పునాదిలోనూ ఇలాంటి కంకరే ఉండి ఉంటుంది. ఆ మాట అబ్బాయితో అనబోయి ఆగిపోతారు.

ఎందుకంటే గాలి ఆగిపోయింది.

ఎక్కేటప్పుడు చెమటను ఆర్పిన గాలి ఉన్నట్టుండి లేదు. సీతాఫలం ఆకు కదలదు. కింద పొదల్లో ఎక్కడో నెమలి అరుస్తుంది. ఇంకోటి జవాబిస్తుంది. మీరు పడమరకు తిరుగుతారు.

దూదికుప్ప లేదు. దాని చోట ఒక కొండ ఉంది. అడుగున సిరా నలుపు, నెత్తిన కమ్మరి దాగలిలా బల్లపరుపు. సూర్యుడు దాని వెనక్కి పోయాడు. వెలుతురు పసుపచ్చగా మారింది. అబ్బాయి ముఖం పసుపచ్చగా ఉంది.

మబ్బు లోపల ఒక మెరుపు.

"లెక్కపెట్టు కన్నా. ఒకటి, రెండు, మూడు..."

ఇరవై నాలుగు దగ్గర ఉరుము. బరువైన బండి వంతెన దాటుతున్న చప్పుడు. మెరుపు కంటికి వెంటనే అందుతుంది. చప్పుడు మాత్రం కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. ఇరవై నాలుగంటే ఎనిమిది కిలోమీటర్లు.

దూరమే కదా అనిపిస్తుంది. ఇంత కష్టపడి ఎక్కాం, పొద్దు వాలేదాకా ఉందామనిపిస్తుంది. ఒక్క ఫొటో, ఒకే ఒక్కటి అని చెయ్యి ఫోను మీదికి పోతుంది.

ఇక్కడ మీరు తేల్చుకోవాలి. ఈ గుట్ట మీద అన్నిటికన్నా ఎత్తైన చోట, అన్నిటికన్నా ఎత్తుగా నిలబడి ఉన్నది మీరిద్దరే. పిడుగు మబ్బుకు సరిగ్గా కిందనే పడాలని లేదు. పది కిలోమీటర్ల అవతల, ఇంకా ఎండ కాసే చోట కూడా పడుతుంది. ఉరుము చెవిన పడిందంటే మీరు పిడుగుకు అందే దూరంలో ఉన్నట్టే. పెద్దాయన మాట ఇప్పుడు వినండి.

ఫోను జేబులో పెట్టండి.

"దిగుదాం పద."

"ఇప్పుడే కదమ్మా వచ్చాం!"

"పద నాన్నా."

గాలి తిరిగి వచ్చింది. ఈసారి చల్లగా, విసురుగా. దుమ్ము మొహాన కొడుతుంది. కళ్లు చికిలించండి. రెండు దారులున్నాయి. వచ్చిన దారి పొడుగైనది, సగం దూరం గుట్ట వెన్ను మీదే సాగుతుంది. ఆ దూరమంతా ఆకాశం కింద ఒంటరిగా నడవాలి. రెండోది ఎడమ పక్క వాలు బండ. పొట్టి దారి, కానీ నిటారు. చూసి చూసి వాలునే ఎంచుకుంటారు. ముందు ఎత్తు దిగాలి.

మెరుపు. ఒకటి, రెండు, మూడు... పన్నెండు. నాలుగు కిలోమీటర్లు.

మొదటి చినుకు బండ మీద పడుతుంది. రూపాయి బిళ్లంత. క్షణంలో ఆరిపోతుంది. రెండోది, మూడోది. కాలిన రాయి వాసన గుప్పుమంటుంది. ఇందాకటిదాకా గరుకుగా పాదాన్ని పట్టుకున్న బండ ఇప్పుడు మాట మార్చింది.

చూడండి, బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు. ఏటేటా నీళ్లు జారే దారులవి. ఆ నలుపు పాచి. ఎండలో ఎండి రాయిలా ఉంటుంది. తడిస్తే సబ్బు.

"నల్లచార మీద కాలు పెట్టకు. తెల్లగా, గరుకుగా ఉన్న చోటే."

కూర్చోండి. రెండు చేతులూ వెనక ఆనించండి. కూర్చునే జరగండి. చున్నీ, పాంటు, ఏది చిరిగినా పోనీ.

వాన పెరిగింది. సగం దిగారు.

కుడివైపు రెండు గుండ్ల కింద చిన్న గవి. లోపల పొడిగా ఉంది. చీకటిగా, చల్లగా, రమ్మని పిలుస్తున్నట్టుంది. అబ్బాయి అప్పుడే అటు పరుగెత్తాడు.

"అమ్మా, ఇక్కడ దాక్కుందాం!"

మీ కాళ్లూ అటే లాగుతాయి. ఒళ్లంతా తడిసింది. ఆగండి. పిడుగు పైన పడితే తడి బండ వెంట పాకి కిందికి దిగుతుంది. ఇలాంటి లోతు లేని గవి దగ్గర నోటి పైనుంచి కింది నేలకు దూకుతుంది. ఆ దూకే చోట మనిషి కూర్చుని ఉంటే ఆ మనిషి గుండానే దిగుతుంది. వానకు అది గొడుగే. పిడుగుకు మాత్రం దారి.

"బయటికి రా. ఇప్పుడే."

మీ గొంతు మీకే కొత్తగా ఉంది. వాడు మారు మాట్లాడకుండా వచ్చేశాడు.

బండ అయిపోయింది. మొరం. ఎదురుగా ఖాళీ నేల. మధ్యలో ఒంటరి చెట్టు. దాని కింద కాస్త పొడి నేల. అటు చూడకండి. ఒంటరి చెట్టు పిడుగుకు నిచ్చెన.

మెరుపు. ఒకటి, రెండు, మూడు, నాలుగు...

ఉరుము.

కిలోమీటరున్నర కూడా లేదు.

పిడుగు భయమున్నప్పుడు మనుషులు ఒకరికొకరు ఎడంగా నడవాలి. ఒకరికి తగిలినా ఇంకొకరు సాయం చేయగలగాలి. ఆ సంగతి మీకు తెలుసు. బండ మీద వాడి చెయ్యి వదల్లేదు. అక్కడ జారడమే పెద్ద ప్రమాదం. ఇక్కడ నేల చదును. ఇప్పుడు వదలాలి.

"నువ్వు ముందు నడువు. నేను వెనకే ఉన్నా. తిరిగి చూడకు. కారు దాకా ఆగకు."

చెయ్యి వదలండి.

వాడు నడుస్తున్నాడు. ఇరవై అడుగులు. ముప్ఫై. మీరు కదలండి.

కాలు జారింది. మోకాలు. రాయి. లేవండి.

తెలుపు.

అంతా తెలుపు. చప్పుడు కూడా అందులోనే. లెక్కకు ఒకటి కూడా రాలేదు. భూమి పాదాల్లోంచి ఛాతీ దాకా అదిరింది. చెవుల్లో గుయ్యిమంటోంది.

వాడు?

నడుస్తున్నాడు.

తిరిగి చూడలేదు. చెప్పినట్టే.

పడింది ఎక్కడో తెలియదు. పైనేనేమో. తల తిప్పకండి. నడవండి. దర్గా దారి. వేపచెట్టు. కింద పెద్దాయన లేడు. రోడ్డు. కారు. తాళం. వేళ్లు తడి. మళ్లీ తిప్పండి. తలుపు. వాడు లోపల. మీరు లోపల. తలుపు.

మూశారు.

అద్దాలు పూర్తిగా ఎక్కి ఉన్నాయా చూసుకోండి. చేతులు ఒళ్లో పెట్టుకోండి, ఇనుము ముట్టుకోవద్దు. ఇప్పుడు ఊపిరి వదలండి.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడరు. రేకు మీద వాన దరువు. మీ మోకాలి నుంచి నెత్తురు పాదం దాకా దిగింది. వాడు సీసాలో మిగిలిన నీళ్లతో కడుగుతాడు. వాడి చెయ్యి వణుకుతోంది. మీదీ అంతే.

"కారులో మనకేం కాదా అమ్మా? టైర్లు రబ్బరువనా?"

టైర్ల వల్ల కాదు. మబ్బు నుంచి నేల దాకా వచ్చిన పిడుగుకు జానెడు రబ్బరు అడ్డు కాదు. కాపాడేది చుట్టూ ఉన్న ఇనుప తొడుగు. కరెంటు ఆ తొడుగు మీదుగా పారి నేలలోకి పోతుంది, లోపలికి రాదు. అందుకే గట్టి పైకప్పున్న కారు, లేదంటే గోడలున్న ఇల్లు. గొడుగూ, గుడిసే, బైకూ పనికిరావు.

అద్దం తుడిచి గుట్ట వంక చూడండి. ఇందాక మీరు కూర్చుని జారిన బండ మీద ఇప్పుడు నీళ్లు జారుతున్నాయి. ప్రతి నల్లచారా ఒక వాగు. రాయి ఒక్క చుక్కనూ తాగదు, అన్నిటినీ కిందికి పంపుతుంది. చెట్లున్న ఇటు పక్క ఆ నీళ్లు మొరంలోకి వచ్చి నెమ్మదిస్తున్నాయి. ముతక మన్ను గటగటా తాగుతోంది. నిండాక మిగిలినదే కదులుతుంది, పల్లానికి, ఒకప్పుడు చెరువుకు. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వుకున్న నేల ఇది. గుట్ట, మొరం, చెరువు. ఈ మూడూ కలిస్తేనే వాన ఊరికి పనికొస్తుంది.

ఇప్పుడు రెండో పక్క చూడండి, గుట్టను కోసిన చోట. అక్కడ మొరం లేదు, సిమెంటు. నీళ్లకు ఆగే చోటు లేదు. ఎర్రగా, వడివడిగా రోడ్డెక్కుతున్నాయి. ప్రహరీ గోడకు కొట్టుకుని తిరుగుతున్నాయి. స్కూటరు మీద వచ్చిన ఒకాయన దిగి, చక్రం మునిగిన బండిని తోసుకుంటూ పోతున్నాడు. 2020 అక్టోబరులో నగరంలో కాలనీలకు కాలనీలు ఎందుకు మునిగాయో టీవీలో ఎంత చూసినా అర్థం కానిది, ఈ కారు అద్దంలోంచి పది నిమిషాల్లో అర్థమవుతుంది.

చివరి ఉరుము వినపడ్డాక అర గంట ఆగండి. వాన వెలిసినా, ఎండ వచ్చినా, అర గంట. ఆ తరవాతే తలుపు తియ్యండి.

దర్గా వైపు నుంచి పెద్దాయన వస్తున్నాడు. పొడి తువ్వాలు. వాన మొదలవకముందే లేచి లోపలికి వెళ్లినట్టున్నాడు. మీ మోకాలు చూస్తాడు.

"చెప్పిన గద బిడ్డా."

"వినకపోవడం నాదే తప్పు తాతా."

"మల్ల రార్రి. పొద్దుగాల రార్రి. పొద్దుగాల మంచిగుంటది." పిల్లాడి తల మీద చెయ్యి వేసి వెళ్లిపోతాడు.

ఇంటిదారిలో అబ్బాయి అడుగుతాడు, "వచ్చే ఆదివారం ఎక్కడికమ్మా?"

మీకు ముందే తెలుసు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని తీసుకుపోయిన రోజు, ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఎగువన చెరువులు వరసగా తెగడం ఆ వరదకు బలమిచ్చింది. ఆ తరవాతే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, గండిపేట చెరువు కట్టారు. ఇవాళ మీరు చెట్టు కిందికి పోకుండా బతికారు, ఆ రోజు వాళ్లు ఒక చెట్టు మీదికెక్కి బతికారు. ఏ చెట్టు ఎప్పుడు ఆదుకుంటుందో, ఏ బండ ఎప్పుడు జారుతుందో కాళ్లతో తిరిగిన వాళ్లకే తెలుస్తుంది. మీ అబ్బాయికి అది తెలియాలి.

మీ ఇంటికి దగ్గర్లోనూ ఒక గుట్టో, కుంటో, తోటో ఉండే ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తుంటారు. వచ్చే ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకుని అక్కడ దిగండి. నీళ్లు పట్టుకెళ్లండి, మబ్బును చూసుకోండి, అక్కడి పెద్దవాళ్ల మాట వినండి. హైదరాబాదు రాళ్లను కాపాడాలని 1996లో ఒక సొసైటీ పెట్టుకున్నవాళ్లూ ముందు ఆ రాళ్ల మధ్య నడిచినవాళ్లే. రేపు ఎవరైనా ఆ గుట్టకు డ్రిల్లు పెట్టినప్పుడు, ఆ కుంటలో మట్టి పోసినప్పుడు, అడ్డం నిలబడేది దాన్ని కాలితో తొక్కి, చేత్తో ముట్టుకున్న మనిషే.

ఆ చింతచెట్టు ఇంకా అక్కడే ఉంది. వెళ్లి చూడండి.